పీఎక్స్‌పెక్ట్: ప్రశ్నలడిగే ప్రోగ్రామ్‌లకు టెస్ట్ రాసేవాళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది?

పేరడిగి, పాస్‌వర్డ్ అడిగి, నిజంగానే చేయమంటారా అని ఇంకోసారి అడిగి, అప్పుడు గానీ పని మొదలుపెట్టని కమాండ్‌లైన్ ప్రోగ్రామ్‌లు కొన్నుంటాయి. వాటికి ఆటోమేటిక్ టెస్ట్ రాయాలంటే ముందు తట్టే ఉపాయం, జవాబులన్నీ వరసగా రాసి స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి, అంటే ప్రోగ్రామ్ మామూలుగా జవాబులు చదువుకునే దారిలోకి, పంపేయడం. ప్రోగ్రామ్ అక్కణ్ణుంచే లైన్ల వారీగా చదివేదైతే అంతకంటే ఏమీ అక్కర్లేదు. పైథాన్‌లోని సబ్‌ప్రాసెస్ రన్‌కి ఇన్‌పుట్, టైమౌట్ (ఎంతసేపు ఆగాలన్న గడువు) ఇస్తే పనైపోతుంది. అలాంటి చోట పీఎక్స్‌పెక్ట్ అనే పైథాన్ లైబ్రరీని తెచ్చి పెట్టుకోవడం అనవసరపు బరువు.

ఆ ఉపాయం పారని సందర్భాలున్నాయి. పాస్‌వర్డ్ అడిగే గెట్‌పాస్ లాంటి ఫంక్షన్లు యూనిక్స్‌లో స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని వదిలేసి ముందు టెర్మినల్‌నే నేరుగా తెరవబోతాయి. కొన్ని ప్రోగ్రామ్‌లు అవతల ఉన్నది టెర్మినల్ కాదని పసిగట్టగానే ప్రాంప్ట్ చూపించడమే మానేస్తాయి. సీ భాషలో రాసినవి పైప్‌లోకి రాసేటప్పుడు మామూలుగా బఫర్ (అవుట్‌పుట్‌ని తాత్కాలికంగా పోగేసే చోటు) నిండేదాకా ఏదీ బయటికి పంపవు. దాంతో టెస్టేమో ప్రాంప్ట్ కోసం, ప్రోగ్రామేమో జవాబు కోసం కాచుకుని ఎక్కడివక్కడ ఆగిపోతాయి. పీఎక్స్‌పెక్ట్ చేసేదల్లా ప్రోగ్రామ్‌ని ఒక సూడో టెర్మినల్‌లో, అంటే అసలు టెర్మినల్‌లా నటించే దానిలో, నడపడం. పై మూడు ఇబ్బందులూ ఆ ఒక్కదానితో తీరతాయి. ఆలోచన కొత్తదేం కాదు, 1990లో డాన్ లైబ్స్ టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాష మీద కట్టిన ఎక్స్‌పెక్ట్‌దే. ఇది పైథాన్‌లో ఉంది కాబట్టి పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌లో ఇట్టే ఇమిడిపోతుంది.

వాడకం మూడు మాటల్లో తేలిపోతుంది: స్పాన్‌తో మొదలుపెట్టడం, ఎక్స్‌పెక్ట్‌తో ప్రాంప్ట్ కోసం ఆగడం, సెండ్‌లైన్‌తో జవాబివ్వడం. స్పాన్‌కి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మొదట్లోనే చెప్పండి, లేకపోతే చేతికొచ్చేవన్నీ బైట్లే. పైపులు, రీడైరెక్షన్లు, నక్షత్రం గుర్తులు దానికి అర్థం కావు, ఎందుకంటే మధ్యలో షెల్ (బాష్ లాంటి, కమాండ్‌ని చదివి నడిపే ప్రోగ్రామ్) ఉండదు. అవి కావాలంటే బాష్‌ని మైనస్ సీతో స్పాన్ చేయాలి.

ఇక అసలు చిక్కులు. టెర్మినల్ ఇచ్చిన వరమే ఇక్కడ శాపమవుతుంది, మీరు పంపినదాన్ని అది తిరిగి ప్రతిధ్వనిస్తుంది. ప్రోగ్రామ్ "పేరు:" అని అడిగింది, మీరు "రవి" అని పంపారు, తర్వాత "నమస్కారం రవి" వస్తుందో లేదో చూడాలని "రవి" కోసం ఎక్స్‌పెక్ట్ పెట్టారు. అది పట్టుకునేది ప్రోగ్రామ్ పలకరింపుని కాదు, మీరు పంపిన అక్షరాల ప్రతిధ్వనిని. పలకరింపు కోడ్ మొత్తం తీసేసినా టెస్ట్ పచ్చగానే ఉంటుంది! ఫెయిల్ కావాల్సిన చోట పాసయ్యే టెస్ట్ కంటే టెస్టు లేకపోవడమే నయం. పూర్తి వాక్యం కోసం ఆగండి, లేదా స్పాన్‌లోనే ఆ ప్రతిధ్వనిని, అంటే ఎకోని, ఆపేయండి.

రెండోది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే కొన్ని గుర్తులకి ప్రత్యేక అర్థం ఇచ్చి అక్షరాలని వెతికే పద్ధతి. ఎక్స్‌పెక్ట్‌కి ఇచ్చేది అదే. "తొలగించాలా? (అవును/కాదు)" అన్న ప్రాంప్ట్‌ని ఉన్నదున్నట్టు ఎక్స్‌పెక్ట్‌కి ఇస్తే ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే ప్రశ్నార్థకానికీ బ్రాకెట్లకీ అక్కడ వేరే అర్థం ఉంది. డిఫాల్ట్ టైమౌట్ 30 సెకన్లు కాబట్టి అంతసేపూ ఊరికే ఆగి అప్పుడు ఫెయిలవుతుంది. మాటకి మాట సరిపోలాలంటే ఎక్స్‌పెక్ట్ ఎగ్జాక్ట్ వాడాలి. ప్యాటర్న్ చివర "చుక్క-నక్షత్రం" పెడితే ఆ క్షణానికి ఎంత అవుట్‌పుట్ వచ్చిందో అంతే పట్టుకుంటుంది, మెషిన్ నెమ్మదిస్తే ఫలితమే మారిపోతుంది. లైన్ చివరకి డాలర్ గుర్తు వాడటం దండగని డాక్యుమెంటేషనే చెప్పేసింది. లైన్ ముగింపు కూడా ఉత్త న్యూలైన్ కాదు, క్యారేజ్ రిటర్న్ జోడై వస్తుంది. అవుట్‌పుట్‌ని పోల్చే ముందు దాన్ని తీసేయాలి.

టెస్టులు నెమ్మదిగా ఉన్నాయనిపిస్తే డిలే బిఫోర్ సెండ్ అన్న సెట్టింగ్ చూడండి. ప్రతి పంపకానికి ముందు 50 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఊరికే పెట్టింది కాదు. కొన్ని ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్ ప్రాంప్ట్ చూపించాక గానీ ఎకో ఆపవు, ఆ సందులో పంపితే పాస్‌వర్డ్ తెర మీద పడుతుంది. ఆ విరామాన్ని తీసేయాలనుకుంటే పాస్‌వర్డ్ చోట మాత్రం, ఎకో ఆగేదాకా కాచుకునే వెయిట్ నో ఎకో పిలవండి. సంభాషణని రాసిపెట్టే లాగ్‌ఫైల్‌లోకి మీరు పంపినవీ చేరతాయి, పాస్‌వర్డ్‌తో సహా. లాగ్‌ఫైల్ రీడ్ అన్నది ప్రోగ్రామ్ వైపు నుంచి వచ్చినవే రాస్తుంది, అదే మేలు.

టెర్మినల్ వెడల్పు 80 కాలమ్‌లు. రీడ్‌లైన్ (టైప్ చేసే లైన్‌ని దిద్దుకోనిచ్చే లైబ్రరీ) వాడే ప్రోగ్రామ్‌కి పొడవాటి జవాబిస్తే మధ్యలో విరిగి అదనపు అక్షరాలు చొరబడతాయి. డైమెన్షన్స్‌తో వెడల్పు పెంచుకోవచ్చు. రంగుల కోడ్‌లు అడ్డొస్తే టెర్మ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి "డంబ్" అన్న విలువ ఇవ్వండి, చాలా ప్రోగ్రామ్‌లు మాట వింటాయి. స్పాన్‌కి ఇచ్చే ఎన్వ్ మాత్రం ఉన్న ఎన్విరాన్‌మెంట్‌కి కలవదు, దాని స్థానంలో కూర్చుంటుంది. ప్రోగ్రామ్‌లని ఎక్కడ వెతకాలో చెప్పే పాత్‌తో సహా అన్నీ మాయమవుతాయి కాబట్టి ముందు కాపీ చేసి అందులో మార్చాలి.

కర్సెస్ లైబ్రరీతో తెరంతా గీసే ప్రోగ్రామ్‌లకి ఇది సరిపోదు, కర్సర్ ఎక్కడుందో దీనికి తెలియదు. పైట్ లాంటి టెర్మినల్ ఎమ్యులేటర్ తోడవ్వాలి. విండోస్‌లో స్పాన్ లేదు. పోపెన్ స్పాన్ ఉంది గానీ అది పైపులతోనే నడుస్తుంది, అంటే మొదట చెప్పిన ఇబ్బందులన్నీ మళ్ళీ హాజరు.

కాబట్టి ప్రతి తప్పుడు ఇన్‌పుట్‌నీ దీనితో పరీక్షించకండి. ఆ తర్కాన్ని ఫంక్షన్లుగా విడదీసి మామూలు యూనిట్ టెస్టులకి అప్పగించి, మొదటి నుంచి చివరిదాకా సాగే నాలుగైదు సంభాషణలు, పాస్‌వర్డ్, కంట్రోల్-సీ మాత్రం దీనికి వదలండి.

ముగింపు దగ్గర జాగ్రత్త. అవుట్‌పుట్ చదవకుండా, ప్రోగ్రామ్ ముగిసేదాకా కాచుకునే వెయిట్ పిలిస్తే టెస్ట్ ఎప్పటికీ ఆగిపోవచ్చు. ఈవోఎఫ్ (అవుట్‌పుట్ అయిపోయిందన్న సూచన) రాకముందే క్లోజ్ చేస్తే ప్రోగ్రామ్‌కి హ్యాంగప్ సిగ్నల్, అంటే టెర్మినల్ మూసుకుపోయిందన్న కబురు, అందుతుంది. ముందు ఈవోఎఫ్ దాకా చదివి, తర్వాత క్లోజ్ చేసి, అప్పుడే ఎగ్జిట్ స్టేటస్ చూడాలి. తొందరపడి ముందే చూస్తే అందులో "నన్" (విలువ ఏదీ లేదని చెప్పే పైథాన్ మాట) ఉంటుంది, సిగ్నల్‌తో చచ్చిన ప్రోగ్రామ్‌కీ "నన్" వస్తుంది. అంతా సవ్యంగా ముగిస్తే వచ్చే సున్నాతో నేరుగా పోల్చండి. "నాట్" పెట్టి చూస్తే నన్ కూడా పాసైపోతుంది.