శంషాబాద్ నుంచి దుబాయ్: ఆరేళ్లుగా వాడుతున్న దూరం లెక్కల యాప్

దుబాయ్‌లో ఒక గోదాములో లెక్కలు చూస్తాను. ఇల్లు హనుమకొండ. రెండు విమానాశ్రయాల పేర్లు కొడితే దూరం, ప్రయాణ సమయం చెప్పే ఈ యాప్‌ను మొదటి ట్రిప్పు నుంచే వాడుతున్నాను. ఎక్కిన ప్రతిసారీ చక్రాలు నేల వదిలిన టైమూ, మళ్లీ నేల తాకిన టైమూ బోర్డింగ్ పాస్ వెనకాల రాసుకుంటాను. ఇంట్లో నవ్వుతారు గానీ, ఇప్పుడు అవే పనికొచ్చాయి.

దూరానికి వంక పెట్టలేం. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 2,550 కిలోమీటర్లు, అంటే దాదాపు 1,375 నాటికల్ మైళ్లు. భూమి వంపు మీద అతి దగ్గరి దారి లెక్క అది. విమానం అచ్చం ఆ గీత మీదే పోదు, కొంచెం ఎక్కువే తిరుగుతుంది.

మొదటిసారి హైదరాబాద్ అని కొడితే మాత్రం 1,300 చూపించింది. సగానికి సగం! తీరా చూస్తే అది పాకిస్థాన్‌లోని సింధ్ హైదరాబాద్. దాని కోడ్ హెచ్‌డీడీ, మనది హెచ్‌వైడీ. అందుకే ఊరి పేరు వదిలేసి కోడ్ కొట్టండి.

అసలు పేచీ సమయం దగ్గర. పోయినా వచ్చినా 3 గంటల 40 నిమిషాలే అంటుంది. దూరాన్ని సగటు వేగంతో భాగించి ఓ అరగంట కలిపినట్టుంది, గాలిని లెక్కలోకి తీసుకోదు. అంత ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి చలికాలంలో మహా జోరు. నా పాసుల ప్రకారం జనవరిలో పోయేటప్పుడు గాల్లోనే 3 గంటల 50 నిమిషాలు, వచ్చేటప్పుడు 3 గంటల 5 నిమిషాలు. వానాకాలంలో ఇంత తేడా లేదు.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే ఉంటుంది. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. యాప్ ఆ ముక్క చెప్పదు. మా అమ్మ టికెట్ చూసి, "పొద్దున పదింటికి ఎక్కి పన్నెండున్నరకు దిగుడా? నిజామాబాద్ బస్సు గూడ అంత జల్ది పోదు గదరా" అంది. వచ్చేటప్పటి టికెట్ చూస్తే రాత్రి 10కి ఎక్కి 3కి దిగడం. "గిప్పుడు అయిదు గంటలా!" అని ఇంకా టెన్షన్ పడింది.

ఊరికే ఉండలేక మా వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు కూడా కొలిచాను. గాల్లో దాదాపు 145 కిలోమీటర్లే. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం వద్దన్న పాత షరతు మా ఊరికి ఎందుకు తగిలిందో అప్పుడు అర్థమైంది. 1981 నుంచి మూతబడిన మామునూరుకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. విమానం ఎగిరిన రోజు ఈ సమీక్ష మార్చి రాస్తాను.

దూరానికి అయిదుకు అయిదు, సమయానికి రెండు. రోడ్డు మాట దానికి పట్టదు. పోయిన నెల తెల్లవారుజామున 3కి దిగితే బెల్టు మీద సామాను వచ్చేసరికి 4 దాటింది. అవుటర్ మీద ఘట్‌కేసర్ దాకా వచ్చి, భువనగిరి దాటి ఆలేరు చేరకముందే అమ్మ ఫోన్.

"దిగి ఎంతసేపాయె, ఇంకా రావేంది బిడ్డా?"