పాత లోగిలి ఉంచాలా, పడగొట్టాలా: నాన్నగారితో గోదావరి డెల్టాలో నాలుగు రోజులు

దోహాలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. ఈ ఆగస్టులో సెలవు మీద ఊరొచ్చాను. రాజోలు దగ్గర మా ఊళ్లో తాతగారు కట్టించిన మండువా లోగిలి, అంటే మధ్యలో ఆకాశం కనబడే పెంకుటిల్లు, ఉంది. 1996 నవంబరు తుఫానుకి వెనక వసారా పడిపోయింది, మిగతా ఇల్లు నిలబడింది. ఇప్పుడు దాన్ని తీసేసి రెండంతస్తుల డాబా వేద్దామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాన్నగారు అవుననరు, కాదనరు. "పాతవి ఉంచుకున్నవాళ్లు ఎలా ఉంచుకున్నారో ఓసారి చూసొద్దాం రా అబ్బాయ్" అన్నారు. కారు మాట్లాడుకుని ఇద్దరం బయల్దేరాం. నాన్నగారికి డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. అందుకే బస చేసిన చోట్ల మెట్లు, బాత్రూములు ఎలా ఉన్నాయన్నదే నేను ఎక్కువగా చూశాను.

మొదటి రాత్రి రాజమండ్రిలో. గోదావరి కనబడే గది అని 3,400 రూపాయలకు బుక్ చేశాను. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు వచ్చాయి. కానీ లిఫ్టు పని చేయడం లేదని ఫోన్లో ఎవరూ చెప్పలేదు. నాన్నగారు మూడంతస్తులు ఆగి ఆగి ఎక్కారు. కింద గది అడిగితే ఖాళీ లేదన్నారు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు గది చూపు కన్నా ముందు లిఫ్టు సంగతి అడగండి.

పొద్దున్నే పుష్కర ఘాట్‌కి నడిచాం. వరద నీరు ఎర్రగా, ఒడ్డు నిండా పారుతోంది. దూరంగా పాత వంతెన, అంటే హేవలాక్ వంతెన, కనబడింది. 1900 నుంచి 1997 దాకా దాని మీద రైళ్లు నడిచాయి. చిన్నప్పుడు నాన్నగారు నన్ను ఆ రైల్లోనే తీసుకెళ్లి, కిటికీలోంచి నదిలో రూపాయి బిళ్ల వేయించారు. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టులో పుష్కర ఘాట్‌తో పాటు ఈ వంతెన కూడా ఉంది. 2027 పుష్కరాలకు దాని మీద జనం నడవగలిగితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

కానీ నా దిగులు వంతెన గురించి కాదు, వంతెన వెనకాల ఉన్న ఊరి గురించి. కోటగుమ్మం నుంచి మెయిన్ రోడ్డు పక్క సందుల్లో గంటసేపు తిరిగాం. అరుగులున్న ఇళ్లు, చెక్క కటకటాల మేడలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. రెండిళ్ల ముందు ఇసుక కుప్పలు, ఇనుప ఊచలు దింపి ఉన్నాయి. 1881 డిసెంబర్ 11న ఈ ఊళ్లోనే తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం గారి ఇంటిని ప్రభుత్వం మ్యూజియంగా ఉంచింది, బాగుంది. ఆ కాలం మనుషులు నడిచిన వీధి కూడా ఉంటేనే కదా ఆ ఇల్లు ఎక్కడిదో పిల్లలకు తెలిసేది. గోదావరి గట్టు దగ్గర దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ తప్పకుండా చూడండి. ఆయన ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో పోయారు. నాన్నగారు ఒక్కో బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు.

ఇక్కడ దోహా సంగతి చెప్పాలి. అది ఎడారి ఒడ్డున చూస్తూ చూస్తూ పెరిగిపోయిన నగరం. సూక్ వాకిఫ్ అనే పాత బజారు 2003లో చాలావరకు కాలిపోతే, పాత పద్ధతిలోనే మట్టి గోడలు, కర్ర దూలాలతో తిరిగి నిలబెట్టారు. దాని పక్కనే ముషైరిబ్‌లో 31 హెక్టార్ల పాత నగర కేంద్రాన్ని తీసేసి, ట్రాము, నీడ పడే సందులు పెట్టి కొత్తగా కట్టారు. నాలుగు పాత ఇళ్లను మాత్రం ఉంచి మ్యూజియంలు చేశారు. అందులో ఒకటి బానిసల వ్యాపారం గురించి దాచకుండా చెబుతుంది. ఆ ధైర్యం నాకు నచ్చింది. కానీ ఆ పేట కొత్తది కాకముందు అక్కడ మన దేశాల కూలీల గదులు, చిన్న చిన్న కొట్లు ఉండేవి. ఆ మనుషులు ఇప్పుడు అక్కడ లేరు. సెలవు రోజు సాయంత్రం ఆ చల్లటి సందుల్లో నడిచినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు. రాజమండ్రిలో అరుగు మీద కూర్చుని పూలు కట్టుకుంటున్న ఒకావిడను చూసినప్పుడు, ఆ అరుగు ఉండాలి, ఆవిడా ఉండాలి అనిపించింది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాం. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట కథ నమూనాలతో అర్థమవుతుంది. పిల్లలుంటే గంటన్నర పెట్టుకోండి. నాకు అంతకన్నా నచ్చింది పి.గన్నవరం అక్విడక్టు. కింద గోదావరి పాయ వైనతేయ, పైన కాలువ. ఆ నీళ్లే మా పొలాల వైపు వస్తాయి. 1850ల్లో కట్టిన పాతది నలభై తొమ్మిది కమానులతో అలాగే ఉంది. దాన్ని పడగొట్టకుండా పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అన్నం పెట్టిన తల్లి పేరు, పొలానికి నీళ్లిచ్చే కట్టడానికి. నాన్నగారు కారు దిగి పాత కమానులకి దణ్ణం పెట్టుకున్నారు. అక్కడ ఒక టీ కొట్టు, కూర్చోవడానికి రెండు బల్లలు, ఒక మరుగుదొడ్డి ఉంటే ఆగేవాళ్లు ఎక్కువవుతారు.

రెండో రాత్రీ, మూడో రాత్రీ అమలాపురం అవతల ఒక మండువా లోగిలిలో ఉన్నాం. ఇంటివాళ్లు ముందు గదుల్లోనే ఉంటూ, వెనక మూడు గదులు అతిథులకిస్తున్నారు. మనిషికి రోజుకి 1,500, భోజనాలతో కలిపి. నేను చూడాలనుకున్నది ఇదే. స్నానాల గదులు ఇంట్లో గోడలు పగలగొట్టి పెట్టలేదు, పెరట్లో విడిగా కట్టి పెంకు కప్పుతో దారి వేశారు. రాత్రి లేవాల్సివస్తే వానలో తడవనక్కర్లేదు. కానీ గడప ఎత్తు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఆ మాట చెబితే ఇంటావిడ వెంటనే రాసుకున్నారు. ఏసీ ఒక్క గదిలోనే ఉంది. దోమతెర అడిగితే గానీ ఇవ్వలేదు. భోజనం మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, గడ్డపెరుగు.

రాత్రి పెద్ద వాన వచ్చింది. నాలుగు వైపుల నుంచీ మండువాలోకి ధారలు పడుతుంటే, ఆవిడ గంగాళం తెచ్చి కింద పెట్టారు. నిండాక మిగతా నీళ్లు తూములోంచి పెరట్లోకి పోయాయి. ఒక మూల మాత్రం చుక్కలు కారుతున్నాయి.

"కారకుండా ఎలా ఉంటుందండి?" అన్నారావిడ. "ఏటా వేసవిలో పెంకు తిరగనేయించాలి. నేసేవాళ్లు దొరకడం లేదండి. ఈ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు, వాడి కొడుకు హైదరాబాద్ పోయాడు. స్థలం ఇస్తే రెండు ఫ్లాట్లు ఇస్తామని అడిగారు కూడాను. మా అత్తగారు బతికున్నంత కాలం ఆ మాట ఎత్తొద్దన్నారు. ఇప్పుడు ఆవిడ లేరు, నాకే ఇవ్వబుద్ధి కావడం లేదు."

నాన్నగారు ఆ వాన వింటూ చాలాసేపు పడుకోలేదు.

నాలుగో రోజు ద్రాక్షారామం, యానాం. భీమేశ్వరాలయంలో పొద్దున్నే వెళితే రద్దీ ఉండదు. స్తంభాల మీద, గోడల మీద ఎక్కడ చూసినా శాసనాలే. పురావస్తు శాఖ రక్షణలో ఉంది, పూజలూ ఆగలేదు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్లది. నది ఒడ్డు శుభ్రంగా, దీపాలతో కళగా ఉంది, నాన్నగారికి నడవడానికి మెత్తటి దారి. 1846 నాటి చర్చి చూశాం. పాత పేట కోసం వెతుక్కుంటూ వెళితే నాకు కనబడినవి కొద్దే. సాయంత్రం గడపడానికి బాగుంటుంది, అందుకోసం రాత్రి ఉండనక్కర్లేదు.

ఇంటికొచ్చాక తమ్ముడు అడిగాడు, ఏం తేల్చారని. నాన్నగారు జవాబు చెప్పకుండా నిచ్చెన తెప్పించి నన్ను పైకెక్కించారు. నాలుగు వాసాలు పుచ్చాయి, మిగతావి గట్టిగా ఉన్నాయి. పడిపోయిన వెనక వసారా చోట తమ్ముడికి కావలసిన రెండు గదులు, బాత్రూములు కొత్తగా కట్టొచ్చు. మండువా జోలికి వెళ్లనక్కర్లేదు. తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, లెక్కలు వేస్తున్నాడు. లోగిలి ఆవిడ చెప్పిన పెంకు నేసే మనిషికి ఫోన్ చేశాను. వానలు తగ్గాక చూడటానికి వస్తానన్నాడు. పాత పెంకులు ఎక్కడైనా ఇల్లు తీసేస్తుంటే కొని పెట్టుకోమన్నాడు, ఓ రెండు వేల పెంకులు కావాలట.