నీళ్లలో వ్యాయామమా, మూడు చక్రాల సైకిలా?

సెరిబ్రల్ పాల్సీతో (ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) కండరాలు బిగుసుకుపోయి నిలబడటమే కష్టమైన పిల్లలకు ముందు నీళ్లే మేలు. ఛాతీ లోతులో దిగితే శరీర బరువులో దాదాపు మూడో వంతే కాళ్ల మీద పడుతుంది. నేల మీద పడని అడుగు అక్కడ పడొచ్చు. నీరు 32–34 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. చల్లబడితే కాళ్లు కత్తెరలా ముడిపడతాయి, మళ్లీ దిగమంటే ఏడుపే. మూర్ఛలుంటే పెద్దవాళ్లు చేతికందే దూరం దాటకూడదు.

సైకిల్‌కి ఇంత హడావిడి లేదు, రోజూ తొక్కొచ్చు, తోటిపిల్లలతో తిరగొచ్చు. చిక్కంతా అమరికలోనే. పెడల్ కిందికొచ్చినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి. సీటు మరీ ఎత్తైతే కాలు బిగదీసుకుని పాదం జారిపోతుంది. మడమకు ఆనుడు, పాదం మీద పట్టీ, నడుము నిలవకపోతే వీపుకు ఆసరా బిగించాలి. చక్రంతోపాటే పెడల్ తిరిగే రకమైతే బలహీనమైన కాలూ వెంట కదులుతుంది. మొదట్లో ఐదు నిమిషాలు చాలు.