విడి వజ్రం కొనేవారికి హెచ్చరిక: తూకం ఒక్కటే చూసి డబ్బు కట్టకండి

పెళ్లిళ్ల కోసం విడిగా వజ్రం కొని, తెలిసిన కంసాలి చేత ఉంగరమో దుద్దులో చేయించుకునే అలవాటు మన గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చాలా కుటుంబాలకు ఉంది. అలాంటివారు తప్పక చదవాలని ఇది రాస్తున్నాను. కోనసీమలోని ఒక పట్టణంలో మా అన్నయ్య తన కుమార్తె పెళ్లికని ఒక రాయి కొన్నారు. దుకాణదారు దానిని కాటాపై పెట్టి 1.70 క్యారెట్లు చూపించి, "ఇంత చిన్న రాయి ఇంత తూగుతోందంటే అసలు వజ్రం కాబట్టేనండి, గాజైతే ఈ బరువు రాదు" అని నమ్మబలికాడు. గాజు గురించి అతను చెప్పింది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే అబద్ధాన్ని అమ్మాడు.

ఉంగరానికి గూడు కట్టేముందు మా ఊరి కంసాలి గారు రాయి వ్యాసం కొలిచారు. 6.5 మిల్లీమీటర్లు వచ్చింది. ఆయన మరొకసారి కొలిచి, "బాబూ, వజ్రమైతే ఈ కొలతకు ఒక క్యారెట్టు దాటకూడదండి" అన్నారు. గుండ్రంగా సానబట్టిన వజ్రం 6.5 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటే సుమారు ఒక క్యారెట్టు, అంటే 0.2 గ్రాము మాత్రమే తూగుతుంది. 1.70 క్యారెట్ల వజ్రం 7.7 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. ఒకే కుంచంతో కొలిచిన ధాన్యమూ బియ్యమూ తూకంలో ఒకటి కానట్టే, ఒకే పరిమాణంలో ఉన్న రెండు రాళ్లు కూడా ఒకే బరువు ఉండనవసరం లేదు. వాటి సాంద్రతలు వేరు.

వజ్రం చాలా గట్టిది కాబట్టి చాలా బరువుగా కూడా ఉంటుందని మనలో చాలామంది అనుకుంటారు. దుకాణాల్లో మోసపోవడానికి మొదటి కారణం ఈ అపోహే. ఘన సెంటీమీటరు నీరు ఒక గ్రాము తూగితే, అంతే పరిమాణంలో మామూలు గాజు సుమారు 2.5, అల్యూమినియం 2.7, వజ్రం 3.52, ఇనుము 7.87, వెండి 10.5, సీసం 11.3, మేలిమి బంగారం 19.3 గ్రాములు తూగుతాయి. అంటే వజ్రం బరువు ఇనుములో సగం కూడా లేదు. వజ్రంలో ఉన్నది కార్బన్, అది తేలికైన మూలకం. ఆ పరమాణువులు నాలుగు వైపులా బిగుతుగా అల్లుకొని ఉండటం వల్లనే అంత గట్టిదనం వచ్చింది. అదే కార్బన్ పెన్సిల్ ములుకులోని గ్రాఫైట్‌గా ఉన్నప్పుడు సాంద్రత 2.2 మాత్రమే. మనవాళ్లు అమెరికన్ డైమండ్ అని పిలిచే క్యూబిక్ జిర్కోనియా సాంద్రత మాత్రం 5.6 నుంచి 6 వరకు ఉంటుంది. కనుక చిన్న రాయి అనుకున్నదానికంటే ఎక్కువ తూగితే సంతోషించకూడదు, అనుమానించాలి.

అనుమానం తీర్చుకోవడానికి అన్నయ్య ఆ రాయిని రాజమహేంద్రవరంలో పరీక్ష చేయించారు. గాలిలో 1.70 క్యారెట్లు తూగిన రాయిని సన్నని తీగకు వేలాడదీసి నీటిలో ముంచి తూస్తే 1.40 వచ్చింది. తగ్గిన 0.30తో 1.70ని భాగిస్తే 5.67. అదే దాని సాంద్రత, అంటే అది క్యూబిక్ జిర్కోనియా. వజ్రమే అయితే నీటిలో 0.48 క్యారెట్టు తగ్గి ఉండాలి. ఈ పరీక్షకు మిల్లీగ్రాము వరకు చూపించే కాటా కావాలి, రాయికి గాలి బుడగలు అంటుకోకుండా చూడాలి. ఇంట్లో కూరగాయలు తూచే యంత్రంతో కుదిరే పని కాదు.

అయితే సాంద్రత సరిపోయిందని వెంటనే నమ్మడమూ ప్రమాదమే. తెల్ల పుష్యరాగం (వైట్ టోపాజ్) సాంద్రత దాదాపు వజ్రంతో సమానం, అది వేడిని బట్టి పనిచేసే టెస్టర్‌కు దొరికిపోతుంది. వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే మరో రాయి ఆ టెస్టర్‌ను దాటేస్తుంది గాని, దాని సాంద్రత 3.22 మాత్రమే కాబట్టి తూకంలో బయటపడుతుంది. ప్రయోగశాలలో తయారైన వజ్రానికి, గనిలో దొరికిన వజ్రానికి మాత్రం సాంద్రతలో తేడా ఉండదు. ఆ రెంటినీ వేరు చేయడానికి జీఐఏ, ఐజీఐ వంటి రత్న పరీక్షా సంస్థల ధ్రువపత్రం తప్ప కొనుగోలుదారుకు వేరే ఆధారం లేదు.

రాళ్ల నగలు కొనేవారు ఇంకొకటి గమనించాలి. బరువైన జిర్కోనియా రాళ్లు పొదిగి, మొత్తం తూకానికి బంగారం ధర కట్టే దుకాణాలున్నాయి. బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం బరువు విడివిడిగా రాయించుకోండి. హాల్‌మార్క్‌లో అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంకేతాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి.

దుకాణదారు డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించాడు. బిల్లులో "రాయి 1.70" అని ఉంది తప్ప వజ్రమనే మాట ఎక్కడా లేదని ఇప్పుడు వాదిస్తున్నాడు. ఆ మాట రాయకపోవడం పొరపాటున జరిగిందని నేను నమ్మను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాము. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాము. మీరు కొనేటప్పుడు బిల్లులో సహజ వజ్రమా, ప్రయోగశాల వజ్రమా అన్నది, క్యారెట్లు, మిల్లీమీటర్లలో కొలతలు, ధ్రువపత్రం సంఖ్య తప్పనిసరిగా రాయించుకోండి. ఈ మధ్య విడి రాయి కొని ఇంకా పొదిగించనివారు ఉంటే, ముందుగా దాని వ్యాసం, తూకం రెండూ కొలిపించండి. ఒకసారి గూటిలో బిగించాక రాయిని విడిగా తూచే వీలుండదు.