స్టాన్లీ నంబర్ 5 చిత్రిక, టైప్ 11: వందేళ్లు దాటిన సరుకు కొనొచ్చా?

చెక్కని చదును చేసే పాత చిత్రికల్లో ఒక్కటే కొనాలంటే నా ఓటు అమెరికా కంపెనీ స్టాన్లీ చేసిన నంబర్ 5కి, అదీ టైప్ 11కి (టైప్ అంటే తయారైన కాలాన్ని బట్టి చేసిన విభజన). సేకరించేవాళ్లకీ నచ్చుతుంది, చెక్క పని చేసేవాళ్లకీ పనికొస్తుంది, పైగా వయసు దాని ఒంటి మీదే రాసి ఉంటుంది.

బ్లేడు తీసి, ఫ్రాగ్‌కీ (బ్లేడు ఆనుకునే ఏటవాలు ఇనుప దిమ్మ) వెనక పిడికీ మధ్య ఇనుములో చూడండి. పోతలోనే వచ్చిన మూడు పేటెంట్ తేదీలు కనపడాలి: 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19, 1910 ఏప్రిల్ 19. అమ్మేవాళ్లలో చాలామంది మొదటి తేదీ చూసి '1902 నాటిది' అని రాసేస్తారు. కింద 1910 కూడా ఉందిగా బాబూ! పేటెంట్ తేదీ అంటే వస్తువు అంతకంటే పాతది కాదని మాత్రమే, ఎప్పటివరకు తయారైందో వేరే గుర్తుల్ని బట్టి తేల్చుకోవాలి. ముందువైపు చేత్తో పట్టుకునే నాబ్ పొట్టిగా గుండ్రంగా ఉంటే టైప్ 11, అంటే 1910 నుంచి 1918 మధ్యది. అవే మూడు తేదీలుండి నాబ్ పొడుగ్గా ఉంటే 1919 నుంచి వచ్చిన టైప్ 12. బ్లేడుని పైనుంచి నొక్కిపట్టే లివర్ క్యాప్ మీద స్టాన్లీ అన్న పేరు పోతలో ఉందా, అది 1925 తర్వాతి క్యాప్, ఎవరో తెచ్చి బిగించారు.

బ్లేడు మీది ముద్ర చూసి మాత్రం తేదీ కట్టకండి. బ్లేడు అరిగేది, అరిగితే మార్చేది. గుండె ఆకారంలో ఎస్‌డబ్ల్యూ అక్షరాలున్న ముద్ర 1920 నుంచి వచ్చింది, కానీ అలాంటి బ్లేడు టైప్ 11లో కనిపించడం మామూలే. అందులో మోసం ఏమీ లేదు, పనిచేసిన పనిముట్టు అలాగే ఉంటుంది. ఇంకోటి, ఈ టైప్ నంబర్లు కంపెనీ పెట్టినవి కావు, సేకరించేవాళ్లు తర్వాత కట్టిన లెక్క. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన పాత భాగాల్ని కొత్తవాటికి బిగించేసేవాళ్లు కాబట్టి రెండు టైపుల మధ్య ఊగిసలాడే ముక్కలు దొరుకుతూనే ఉంటాయి, వాటి గురించి గంటలకొద్దీ కొట్టుకోవడం నాకైతే టైం వేస్ట్.

ఇక పనితనం. పద్నాలుగు అంగుళాల పొడవు, రెండంగుళాల బ్లేడు, బరువు రెండు కిలోల పైచిలుకు. గరుకు పలకని చదును చేయడానికి ఇంతకంటే హాయైన సైజు లేదు. రోజ్‌వుడ్ పిడి చేతిలో ఇమిడిపోతుంది. బ్లేడు పల్చన, గట్టి చెక్క మీద కాస్త అదురుతుంది, అయితే బ్లేడు మీద బిగించే క్యాప్ ఐరన్ అనే రెండో రేకుని బ్లేడు అంచుకి బాగా దగ్గరగా బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. లోతు సరిచేసే ఇత్తడి నట్టు దిశ మార్చినప్పుడు కొంత ఖాళీగా తిరుగుతుంది. కొత్తవాళ్లు చెడిపోయిందని టెన్షన్ పడతారు గానీ ఈ డిజైన్ స్వభావమే అంత.

కొనేముందు బ్లేడు బయటికొచ్చే సందు మూలల్లో, పక్క గోడల్లో పగుళ్లున్నాయేమో చూడండి. పోత ఇనుము కదా, కింద పడితే పగులుతుంది, అతికించినా విలువ పోయినట్టే. కొత్తగా నల్లరంగు వేసి మెరిపించినదాన్ని నేను ముట్టుకోను, ఆ రంగు కింద ఏముందో తెలియదు. అడుగున పైపైన పట్టిన తుప్పుకి భయపడక్కర్లేదు, లోతు గుంటలుంటేనే వదిలేయండి. పిడి కొన విరిగినవి చాలా దొరుకుతాయి. పనికి అడ్డు కాదు, బేరానికి మాత్రం బాగా పనికొస్తుంది.

స్క్రూలన్నీ ఉన్నాయో లేదో తప్పకుండా లెక్కపెట్టుకోండి. వాటి మరలు అంగుళానికి ఇరవై, ఇరవైనాలుగు చొప్పున విచిత్రమైన కొలతల్లో ఉంటాయి, మామూలు హార్డ్‌వేర్ షాపు స్క్రూ ఎక్కదు. బలవంతంగా తిప్పితే ఇనుములోని మర పాడైపోతుంది, ఆ తర్వాత అసలు స్క్రూ దొరికినా ప్రయోజనం ఉండదు.