జర్మనీ 63 యూరోల నెల టికెట్: మన వైపు నుంచి వెళ్ళే అమ్మానాన్నలు కొనొచ్చా?

ముందే చెప్పేస్తున్నా. జర్మనీలో పిల్లల దగ్గరికి వెళ్ళి నెలా రెండు నెలలు ఉండొద్దామనుకునే వాళ్ళు ఈ టికెట్ కళ్ళు మూసుకుని కొనుక్కోండి, పది రోజుల్లో అయిదు దేశాలు చుట్టేద్దామని బయల్దేరే వాళ్ళకి మాత్రం శుద్ధ దండగ. పేరు డాయిచ్‌లాండ్ టికెట్. నెలకి 63 యూరోలు. విజయనగరం తిరిగొచ్చాక మా పక్కింటావిడ మొదట అడిగింది అదే, "అంటే మన డబ్బుల్లో ఏటమ్మా?" అని. ఆరున్నర వేలు అటూ ఇటూ. ఆ డబ్బుకి దేశం మొత్తం మీద సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు, లోకల్ రైళ్ళు, ప్రాంతీయ రైళ్ళు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఎక్కొచ్చు, దిగొచ్చు.

మేం ఉన్నది లైప్‌జిగ్‌లో, మా అన్నయ్య కొడుకు దగ్గర. వాడు పుట్టి పెరిగింది అమెరికాలో, డాలస్ శివార్లలో. పాస్‌పోర్టూ అమెరికాదే. ఉద్యోగానికని జర్మనీ వచ్చి అక్కడే ఉండిపోయాడు. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని వార్తలు చదువుతూ కాసేపు జర్మనీని తిట్టి, అమెరికా గుర్తొచ్చి దాన్ని అంతకంటే ఎక్కువ తిట్టడం వాడి దినచర్య, కాబట్టి ఇందులో సగం అభిప్రాయాలు వాడివే అనుకోండి. "అత్తా, డాలస్‌లో కారు తాళం లేకపోతే పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేం, ఇక్కడికొచ్చాక నేను అసలు కారే కొనలేదు" అంటాడు. కారు ఖర్చు వదిలింది గానీ అమెరికా మాత్రం వాడిని వదల్లేదు. ఎక్కడ ఉన్నా, ఎక్కడ సంపాదించినా అమెరికా పౌరుడు ఏటా వాళ్ళ ప్రభుత్వానికి ట్యాక్స్ రిటర్ను వేయాలిట, బయటి దేశం బ్యాంకుల్లో మొత్తం పదివేల డాలర్లు దాటితే ఆ లెక్క విడిగా చెప్పాలిట. మన వాళ్ళు ఆ పాస్‌పోర్టు కోసం ఎంత తాపత్రయపడతారో తలుచుకుంటే నవ్వొచ్చింది.

సరే, టికెట్ సంగతి. ఏది ఎక్కొచ్చు, ఏది ఎక్కకూడదు అన్న దగ్గరే అందరూ తికమక పడతారు. మన ఆడవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది స్త్రీశక్తి లెక్కే. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే జీరో టికెట్, సూపర్ లగ్జరీ ఎక్కితే డబ్బులు తీయాలి, అవునా? అక్కడ బోర్డు మీద బండి నంబరు ముందు ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్ అని ఉంటే మనది. ఐసీఈ, ఐసీ, ఈసీ అని ఉంటే అవి దూరం వెళ్ళే వేగం బళ్ళు, మనవి కాదు. ఫ్లిక్స్‌బస్సులూ, ఫ్లిక్స్‌ట్రైన్లూ కూడా కాదు. స్టేషన్లలో గేట్లు గానీ, లోపలికి వెళ్ళేటప్పుడు టికెట్ అడిగే వాళ్ళు గానీ ఉండరు, తిన్నగా వెళ్ళి ఎక్కేయడమే. అలాగని ధీమాగా కూర్చుంటే, చెకింగ్‌లో దొరికితే 60 యూరోలు జరిమానా, అంటే దాదాపు ఇంకో నెల టికెట్.

చెకింగ్ ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే పెద్దవాళ్ళకి టెన్షన్ అక్కడే. టికెట్ కాగితం కాదు, ఫోన్‌లో క్యూఆర్ కోడ్, లేదంటే ప్లాస్టిక్ కార్డు. టికెట్ మీద మన పేరు ఉంటుంది, ఒకరిది ఇంకొకరు వాడటానికి లేదు. ఆవిడెవరో మెడలో మెషిన్ వేలాడేసుకుని వచ్చి స్కాన్ చేసి, మా ఆయన మొహం చూసి, పాస్‌పోర్టు అడిగి, అందులో మన ఇంటిపేరు, అసలు పేరు ఏది ముందో తెలీక రెండుసార్లు తిరగేసి, నవ్వి ఇచ్చేసింది. అంతే. కాబట్టి పాస్‌పోర్టు ఇంట్లో దాచుకుని వెళ్ళకండి, ఫోన్ చార్జింగ్ అయిపోతే టికెట్ లేనట్టే కాబట్టి పవర్ బ్యాంకు తప్పనిసరి.

దీంతో మేం చేసిన వాటిల్లో బాగా నచ్చింది డ్రెస్డెన్ వైపు. లైప్‌జిగ్ నుంచి ఐసీఈలో గంటా పావు లోపే వెళ్ళిపోవచ్చు, మన టికెట్ బండిలో గంటన్నర పైన పడుతుంది. ఆ మాత్రం దానికి వేరే డబ్బులు పెట్టడం ఎందుకు? డ్రెస్డెన్‌లో ఎస్1 లోకల్ ఎక్కితే ఎల్బ్ నది పక్కనే, చెక్ దేశం సరిహద్దు దాకా పోతుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఒక వైపంతా నీళ్ళు, మరోవైపు అరలు అరలుగా కోసినట్టున్న ఇసుకరాతి కొండలు. రాథెన్ అనే చిన్న స్టేషన్లో దిగి, పడవలో నది దాటి (పడవకి మాత్రం విడిగా డబ్బులు, చాలా తక్కువే), మెట్లెక్కి పైకి వెళ్తే బాస్టై వంతెన. 1851లో కట్టిన రాతి వంతెన, నదికి 194 మీటర్ల ఎత్తున. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కిందే ఆగిపోండి, మా ఆయన అలాగే ఒడ్డున బెంచీ మీద కూర్చుని నేను కట్టిన పులిహోర మొత్తం తినేశారు. రైల్లో కూడా ఇంటి తిండి తింటే ఎవరూ ఏమీ అనరు.

అయితే బెర్లిన్‌కి ఇదే టికెట్ మీద వెళ్దామంటే ఆలోచించండి. లైప్‌జిగ్ నుంచి ఐసీఈలో గంటా పావు దారి, ప్రాంతీయ రైళ్ళలో రెండున్నర గంటలు దాటుతుంది. మధ్యలో బండి మారాల్సి వస్తే మొదటిది ఆలస్యమై రెండోది వెళ్ళిపోయే ప్రమాదం ఒకటి. మాకూ ఒక పల్లెటూరి స్టేషన్లో అలా గంట కూర్చోవాల్సి వచ్చింది, టీ కొట్టు కూడా లేదు. జర్మనీ రైళ్ళంటే గడియారం అని మనం అనుకుంటాం గానీ 2024లో అక్కడి దూరప్రయాణ రైళ్ళలో సమయానికి చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కింద వేయకుండా. మేనల్లుడు ఈ వార్త చదివి వినిపించాక విజయనగరం స్టేషన్ని మా ఆయన ఇక పల్లెత్తు మాట అనడం లేదు.

ప్రాంతీయ రైళ్ళలో సీటు రిజర్వేషన్ ఉండదు. ఎండాకాలం శని, ఆదివారాలు సైకిళ్ళతో సహా జనం ఎక్కేస్తారు, అప్పుడు నిలబడే ప్రయాణం. సైకిల్‌కి చాలాచోట్ల వేరే టికెట్.

ధర గురించి ఒక మాట. 2022 ఎండాకాలంలో మూడు నెలలు ఇలాంటిదే 9 యూరోలకి ఇచ్చారు, నమ్ముతారా? తర్వాత 2023 మేలో ఈ టికెట్ 49కి మొదలైంది, 2025 జనవరిలో 58, 2026 జనవరిలో 63. కేంద్రం, రాష్ట్రాలు చెరో 150 కోట్ల యూరోలు ఏటా పెడుతున్నాయి, మిగతా నష్టం ఎవరు భరించాలన్న దగ్గరే ప్రతి ఏడూ గొడవ, ప్రతి గొడవకీ ఒక హెడ్‌లైన్. మేనల్లుడికి ఇది వింత. "డాలస్‌లో బస్సు గురించి ఇంత కొట్లాట జరగనే జరగదు అత్తా, ఎవడూ ఎక్కడు కాబట్టి" అన్నాడు. వాడి ఆఫీసు టికెట్ ఖర్చులో కనీసం పావు వంతు భరిస్తుంది, పైన 5 శాతం తగ్గింపు, అందుకని వాడికి పెరిగినా తెలీదు. వయసైన వాళ్ళకి దేశమంతటికీ వర్తించే రాయితీ లేదు, ఇది నాకు నచ్చలేదు. ఆరేళ్ళలోపు పిల్లలకి ఎలాగూ ఉచితం.

ఇంకో ఉపయోగం ఎవరూ చెప్పరు. ఆదివారం జర్మనీలో దుకాణాలన్నీ మూసేస్తారు, పెరుగు అయిపోతే అంతే సంగతులు. పెద్ద స్టేషన్లలోని కొన్ని కిరాణా దుకాణాలు మాత్రం తెరిచే ఉంటాయి. ట్రామెక్కి వెళ్ళి పెరుగు తెచ్చుకోవడానికి విడిగా టికెట్ కొనక్కర్లేదు కదా. దారిలో ఖాళీ సీసాలు పట్టుకెళ్తే మెషిన్లో వేసి ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు వెనక్కి తీసుకోవచ్చు, స్టేషన్లో టాయిలెట్‌కి యూరో దాకా తీసుకుంటారు కాబట్టి ఆ లెక్క అక్కడికక్కడ సరిపోతుంది.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి కోసింది వేగం బళ్ళు లేనందుకు కాదు, కొనే పద్ధతికి. ఇది కేలండర్ నెల లెక్క, ఒకటో తారీఖు నుంచి ఆఖరు దాకా, కాబట్టి ఇరవయ్యో తారీఖున దిగే వాళ్ళు ఆ నెలకి వద్దనుకుని పై నెలకి తీసుకోవడం మేలు. పైగా ఇది చందా, మనం ఆపేదాకా నెలనెలా డబ్బులు పోతూనే ఉంటాయి. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు చెప్పాలి. తిరుగు ప్రయాణం ఏ నెలలో ఉందో ఆ నెల మొదటి వారంలోనే పిల్లల్ని కూర్చోబెట్టి క్యాన్సిల్ నొక్కించండి, నెలాఖరు దాకా టికెట్ ఎలాగూ పనిచేస్తుంది. సూట్‌కేసులు సర్దే హడావుడిలో మర్చిపోతే మీరు విజయనగరంలో ఉంటారు, అక్కడ వాళ్ళ ఖాతాలోంచి ఇంకో 63 పోతుంది.