కింబర్లీ బాలింతల మనసు తెలియాలంటే ఏ ప్రశ్నపత్రం మేలు?

పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న కింబర్లీలో అబొరిజినల్ (అక్కడి ఆదివాసీ) గర్భిణులు, బాలింతల దిగులును పసిగట్టడానికి రెండు సాధనాలున్నాయి. ఒకటి 1987లో స్కాట్లండ్‌లో తయారైన ఎడిన్‌బరా స్కేలు అనే ప్రశ్నపత్రం. రెండోది అక్కడి అబొరిజినల్ స్త్రీలు ఆరోగ్య సిబ్బందితో కలిసి మలిచిన కింబర్లీ మమ్స్ మూడ్ స్కేల్.

ఎడిన్‌బరాలో పది ప్రశ్నలు, అన్నీ గడిచిన ఏడు రోజుల గురించే. ఒక్కోదానికి నాలుగు జవాబులు, ఎంచుకున్నదాన్ని బట్టి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 30. సాధారణంగా 13 గానీ అంతకు పైన గానీ వస్తే లోతుగా పరీక్షిస్తారు. 1, 2, 4 ప్రశ్నల్లో మొదటి జవాబుకు సున్నా, మిగతా ఏడింటిలో మొదటి జవాబుకే 3. కొత్తవాళ్లు కూడికలో తప్పేది ఇక్కడే. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన గురించి. దానికి సున్నా తప్ప ఏం వచ్చినా, మొత్తం ఎంత తక్కువున్నా, ఆ రోజే ఆమెతో మాట్లాడాలి.

ఎడిన్‌బరా త్వరగా అయిపోతుంది, వేరే ఊళ్ల లెక్కలతో పోల్చుకోవచ్చు. చిక్కంతా మాటల్లో ఉంది. ఆరో ప్రశ్న ఇంగ్లీషులో 'థింగ్స్ హావ్ బీన్ గెటింగ్ ఆన్ టాప్ ఆఫ్ మీ'. మాటకు మాట తెలుగులో పెడితే 'వస్తువులు నా మీదికెక్కుతున్నాయి' అవుతుంది. ఇంట్లో వేరే భాష మాట్లాడే తల్లికీ అది అలాగే వినిపించవచ్చు. దీనికి భయం తోడవుతుంది. ప్రభుత్వమే అబొరిజినల్ బిడ్డలను తల్లుల ఒడి నుంచి లాక్కుపోయిన చరిత్రను 1997 నాటి 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదిక నమోదు చేసింది. కుంగిపోయానని రాస్తే బిడ్డను తీసుకెళ్తారేమో అనుకున్న తల్లి ఏ దిగులూ లేదన్నట్టే అన్నిటికీ జవాబిస్తుంది. తక్కువ మార్కులు చూసి ఆమె బాగుందనుకోవడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు.

కింబర్లీ స్కేలు మొదటి భాగంలో ఆ పది ప్రశ్నలే స్థానిక మాటల్లో, బొమ్మల సాయంతో ఉంటాయి. రెండో భాగం మాటామంతీ, అక్కడివాళ్లు 'యార్నింగ్' అంటారు: ఇంట్లో తోడెవరు, భాగస్వామితో ఎలా ఉంది, చిన్నతనం ఎలా గడిచింది, తాగుడు బెడద ఉందా, ఆమెకు ధైర్యమిచ్చేదేమిటి. ఈ రెండూ కలిపి చూశాకే ప్రమాదం ఎంతో నర్సు తేలుస్తుంది. ఒకే మార్కులు వచ్చిన ఇద్దరిలో ఒకరికి అమ్మమ్మ తోడుంటే, మరొకరికి ఎవరూ లేరని ఈ మాటల్లోనే బయటపడుతుంది.

దీనికి శిక్షణ, తీరిక కావాలి. హడావుడిగా రెండో భాగాన్ని అవును-కాదు ప్రశ్నలుగా మార్చేసినా, భర్త ఎదుట అడిగినా పని చెడుతుంది. పైగా ఇవి కింబర్లీ మాటలు. అడిలైడ్‌లో వాడాలంటే అక్కడి తల్లులతో కూర్చుని మళ్లీ సరిచూసుకోవాలి.

కింబర్లీలో పరిశోధనకైతే మేము కింబర్లీ స్కేలునే ఎంచుకుంటాం. మాటలు మారాయి కాబట్టి దాని మొదటి భాగం మార్కులను ఎడిన్‌బరా మార్కులుగా మాత్రం ప్రచురించకూడదు. దిగులు బయటపడిన తల్లిని ఎవరికి అప్పగించాలో, వాళ్లు ఏ రోజుల్లో ఊళ్లో ఉంటారో మొదటి ప్రశ్న అడగకముందే ఖాయం చేసుకోవాలి.